బయట ఆగే కోపం ఇంట్లో ఎందుకు ఆగదు?

విశాఖపట్నంలోని క్రైస్తవ సంఘాల్లో కుటుంబాల కోసం ప్రత్యేక కూడికలు జరిగినప్పుడల్లా కోపం గురించి రెండు రకాల బోధలు వినిపిస్తుంటాయి. గలతీయులకు రాసిన పత్రికలో క్రోధం శరీర కార్యాల జాబితాలో ఉంది కాబట్టి విశ్వాసికి కోపమే రాకూడదనేది ఒక బోధ. యేసు ప్రభువు సైతం దేవాలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడదోశాడు కాబట్టి న్యాయమైన కోపం తప్పు కాదనేది రెండోది. రెండింటికీ వాక్యాధారం ఉంది. ఇంటికి చేరేసరికి మాత్రం ఇవి వేరే రూపం తీసుకుంటాయి. మొదటి బోధ విన్న భార్య తనకు జరిగిన అన్యాయాన్ని నోరు విప్పి చెప్పుకోలేక, కోపం వచ్చినందుకు తనను తానే నిందించుకుంటుంది. రెండో బోధ విన్న భర్త కూరలో ఉప్పు తగ్గినందుకు వచ్చిన కోపాన్ని కూడా న్యాయమైన కోపం లెక్కలో వేసుకుంటాడు. ఈ పాత్రలు తారుమారయ్యే ఇళ్లూ లేకపోలేదు గాని, ఎక్కువగా కనిపించేది ఇదే.

ఈ చిక్కును విప్పే ప్రయత్నంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎవరి ముందు కోపాన్ని బిగబట్టుకోవాలో, ఎవరి ముందు ఆ అవసరం లేదో మనం ఎప్పుడో తీర్మానించుకుని కూర్చున్నాం. ఇళ్లలో కనిపించే కోపంలో సింహభాగం ఆ తీర్మానం నుంచి పుడుతున్నదే. క్రైస్తవ విశ్వాసం నిజంగా సాయపడగలిగేది ఆ తీర్మానాన్ని మార్చే చోటనే.

దేవుడు అడిగే ప్రశ్న

బైబిల్లో మనకు కనిపించే మొదటి మానవ కోపం ఒక కుటుంబంలోనిదే. తమ్ముడి అర్పణను లక్ష్యపెట్టిన దేవుడు తన అర్పణను లక్ష్యపెట్టనందుకు కయీనుకు మిక్కిలి కోపం వచ్చిందని ఆదికాండము నాలుగో అధ్యాయం చెబుతుంది. అప్పుడు దేవుడు అతనిని శిక్షించలేదు. "నీకు కోపమేల? ముఖము చిన్నబుచ్చుకొని యున్నావేమి?" అని అడిగాడు. ఆ తర్వాతే, వాకిట పాపం పొంచి ఉందని, దానిని ఏలవలసినవాడు అతడేనని హెచ్చరించాడు. ఈ వరుసను జాగ్రత్తగా చదవాలి. కోపం అప్పటికే అతని ముఖంలో కనబడుతోంది, పాపం ఇంకా వాకిటనే ఉంది, ఆ రెండింటి మధ్య ఉన్న కాస్త సమయంలో దేవుడు ఒక ప్రశ్న వేశాడు. కయీను దానికి జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే, కోపం అడుగున ఉన్న అవమానం, అసూయ, తనను పట్టించుకోలేదన్న బాధ బయటపడేవని, అవి బయటపడి ఉంటే పొలంలో హత్య జరిగేది కాదేమోనని అనుకోవడానికి అవకాశం ఉంది.

యోనాను కూడా దేవుడు ఇలాగే అడిగాడు. నీనెవె పట్టణాన్ని దేవుడు క్షమించినందుకు ఒకసారి, నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోయినందుకు మరొకసారి అలిగిన ప్రవక్తను రెండుసార్లూ ప్రశ్నతోనే పలకరించాడు. రెండోసారి యోనా "ప్రాణము పోవునంతగా కోపించుట న్యాయమే" అని ఎదురు సమాధానం చెప్పాడు. దేవుడు అతనిని వదిలిపోలేదు, మాట్లాడటం కొనసాగించాడు. తన సేవకుడు తన మీదే కోపంగా ఉన్నప్పుడు దేవుడు ఆ కోపాన్ని విన్నాడన్న సంగతి, ప్రార్థనలో మర్యాద మాటలు తప్ప మరేమీ పలకకూడదనుకునే మన ఇళ్లలో ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

ఇక ఎఫెసీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం. 26వ వచనం "కోపపడుడి గాని పాపము చేయకుడి" అంటుంది. 31వ వచనం సమస్తమైన ద్వేషాన్ని, కోపాన్ని, క్రోధాన్ని, అల్లరిని, దూషణను విసర్జించమంటుంది. ఒకే అధ్యాయంలో పౌలు రెండు మాటలు మాట్లాడుతున్నాడా అని చాలామంది తికమకపడతారు. మధ్యలో ఉన్న 27వ వచనాన్ని కలిపి చదివితే ఆ తికమక పోతుంది: "అపవాదికి చోటియ్యకుడి", అంటే సాతానుకు. కోపం రావడం ఒక సంగతి, దానికి ఇంట్లో చోటిచ్చి కూర్చోబెట్టడం ఇంకో సంగతి. 26వ వచనం కోపం రాకను గురించి, 31వ వచనం అది కాపురం పెట్టడాన్ని గురించి మాట్లాడుతున్నాయి. 31వ వచనంలోని జాబితా కూడా లోపల మొదలై బయటికి నడుస్తుంది. మనసులో నిలవ ఉన్న ద్వేషం ముందు వస్తుంది, అరుపులు, తిట్లు చివరికి వస్తాయి.

న్యాయమైన కోపం అనే మాటను వాడుకోదలచినవారు మార్కు సువార్త మూడో అధ్యాయంతో తమ కోపాన్ని సరిపోల్చుకోవాలి. ఊచచెయ్యి గలవాడిని విశ్రాంతి దినాన బాగుచేస్తాడేమో చూసి నేరం మోపుదామని కాచుకున్నవారిని యేసు కోపంతో కలయజూశాడు. అదే వాక్యంలో ఆయన దుఃఖపడ్డాడని కూడా రాసి ఉంది. ఆ కోపం ఆయన సొంత అవమానం కోసం వచ్చినది కాదు, దిక్కులేని మరొక మనిషి కోసం వచ్చినది. అందులో దుఃఖం కలిసి ఉంది. దాని తర్వాత జరిగింది ఒక చెయ్యి బాగుపడటం. ఇంట్లో మనకు వచ్చే కోపాల్లో ఈ కొలతకు నిలబడేవి చాలా తక్కువ.

అదుపు తప్పిందనే మాట

స్టీల్ ప్లాంట్ షిఫ్టుల ప్రకారం రోజులు గడిచే గాజువాక ఇల్లు ఒకటి ఊహించుకుందాం. మధ్యాహ్నం 2 గంటలకు బి షిఫ్టుకు వెళ్లిన మనిషి రాత్రి 10 గంటలకు డ్యూటీ దిగి, బండి మీద ఇల్లు చేరేసరికి పావు తక్కువ పదకొండయింది. ఆ పూట షిఫ్టు ఇన్‌ఛార్జి నలుగురి ముందు అతనిని ఒక మాట అన్నాడు, అతను "సరే సార్" అని ఊరుకున్నాడు. ఇంట్లో అన్నం చల్లారిపోయి ఉంది, ఉతకాల్సిన యూనిఫాం బకెట్లో నానుతూనే ఉంది, పదో తరగతి చదివే కొడుకు చేతిలో ఫోను ఉంది. "ఏటే, పొద్దున్నించీ ఏం చేస్తున్నట్టు?" అన్నాడు. తెల్లవారుజామున లేచిన ఆమె "నాకున్నవీ రెండు చేతులేనండీ" అంది. అతను కంచం తోసేశాడు. అది గోడకు తగిలి, పప్పు గచ్చు మీద పడింది. కొడుకు ఫోను బల్ల మీద పెట్టి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. అదే నిమిషంలో తండ్రి ఫోను మోగింది. ఇన్‌ఛార్జి పేరు చూసి, గొంతు సవరించుకుని, "చెప్పండి సార్, అలాగే సార్, రేపు ముందే వచ్చేస్తాను" అన్నాడు.

ఆ ఫోను మోగకపోయి ఉంటే, కోపం తన అదుపు తప్పిందని అతను రేపు చెప్పే మాటను మనం నమ్మేవాళ్లం. మోగింది కాబట్టి నమ్మలేం. గొంతు మార్చుకోవడానికి అతనికి రెండు క్షణాలు పట్టాయి. నిగ్రహం అతనిలో ఉంది, దాన్ని ఎక్కడ వాడాలో కూడా అతనికి తెలుసు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమని మన పెద్దలు అన్నది ఈ సంగతినే. తిరిగి ఏమీ చేయలేని చోటికే కోపం దిగుతుంది. భర్త దగ్గర భార్య పడిన మాట పిల్లల మీదికి, పిల్లల నుంచి ఇంకా చిన్నవాళ్ల మీదికి, కొన్ని ఇళ్లలో పనిమనిషి మీదికి దిగుతుంది. కోడలిని ఏమీ అనలేని రోజున అత్తగారు మనవడిని కసురుతుంది.

ఇక్కడ పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం 7వ వచనం మన సంఘాల్లో జరుగుతున్నదానికంటే చాలా ఎక్కువ శ్రద్ధతో బోధించదగ్గది. జీవమను కృపావరంలో భార్య తనతో పాలిభాగస్థురాలని ఎరిగి ఆమెను సన్మానించాలని, లేకపోతే భర్త ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని ఆ వచనం చెబుతుంది. స్త్రీలు లోబడాలన్న వచనాలు కంఠస్థంగా వచ్చిన పురుషుల్లో ఈ చివరి మాట గుర్తున్నవారు అరుదు. ఇన్‌ఛార్జి ముందు నోరు అదుపులో పెట్టుకునేది జీతం మీద భయంతో. భార్యను గాయపరచినవాడి ప్రార్థన పైకి వెళ్లదన్న భయం కూడా అంత నిజమైనదిగా మారినప్పుడు, ఇంట్లో వాడే గొంతు మారక తప్పదు. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో జీవించిన ఎవాగ్రియస్ అనే సన్యాసి, ప్రార్థనకు కోపాన్ని మించిన అడ్డు లేదని పదేపదే రాశాడు. ఇంట్లో ఎవరూ లేని ఒంటరివాడికే అలా అనిపించినప్పుడు, నలుగురి మధ్య బతికే మనకు ఆ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

ఇలా చెప్పడం వల్ల ఆ మనిషి మోస్తున్న భారం చిన్నదని కాదు. వారం వారం షిఫ్టు మారుతుంటే నిద్ర కుదరదు, నిద్రలేనివాడికి సహనం తగ్గుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్లతో సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. చేపల రేవు మీద ఆధారపడిన కుటుంబానికి ఆ రెండు నెలలూ ఎండ ఉక్కపోతతో పాటు అప్పుల వాళ్ల పిలుపులు కూడా ఇంట్లోకి వస్తాయి. అలాంటి రోజుల్లో మనిషికి ఉపదేశం కంటే ముందు అన్నం, నిద్ర కావాలి. బదరీచెట్టు కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత మొదట చెప్పింది లేచి తినమని. అతను తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు, లేచాక మళ్లీ తిన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. డ్యూటీ దిగి వచ్చిన మనిషితో స్నానం, భోజనం అయ్యేవరకు స్కూలు ఫీజుల ఊసు ఎత్తకూడదని, అతను కూడా భోజనం ముగిసేవరకు ఎవరినీ దేనికీ నిలదీయకూడదని ఇద్దరూ కలిసి ఒప్పందం చేసుకున్న ఇళ్లలో సగం గొడవలు మొదలవ్వకముందే ఆగిపోతాయి.

ఒంట్లో జరిగేది, ప్రార్థన చేసేది

కోపం వచ్చినప్పుడు మెదడులోని అమిగ్డాలా అనే భాగం ప్రమాద సంకేతం పంపుతుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ముందూవెనకా ఆలోచించే ముందుభాగం మెదడు ప్రభావం ఆ కాసేపు తగ్గుతుంది. దంపతుల వాదనలను అమెరికాలో దశాబ్దాల పాటు పరిశీలించిన మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివారు చెప్పేది బుర్రకెక్కదని, అప్పుడు కనీసం 20 నిమిషాలు విరామం తీసుకోవాలని చెప్పాడు. "కలహారంభము నీటిగట్టున పుట్టు ఊట" అనీ, వివాదం అధికం కాకముందే దానిని విడిచిపెట్టమనీ సామెతల గ్రంథం 17వ అధ్యాయం చెప్పింది కూడా ఆ తొలి నిమిషాల గురించే.

ఆ 20 నిమిషాలు ఎలా గడుస్తాయన్నదే అసలు విషయం. కోపాన్ని ఏదో ఒకదాని మీద తీర్చేసుకుంటే మనసు తేలికపడుతుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. 2002లో బ్రాడ్ బుష్‌మన్ ప్రచురించిన పరిశోధనలో, తమకు కోపం తెప్పించిన మనిషినే తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవారు, ఏమీ చేయకుండా కూర్చున్నవారికంటే ఎక్కువ కోపంతో మిగిలారు. జరిగినదాన్ని మళ్లీ మళ్లీ తలచుకుంటూ ఉంటే శరీరం చల్లబడదు.

ప్రార్థన గురించి ఒక కష్టమైన మాట ఇక్కడే చెప్పాలి. ప్రార్థన కూడా అలాంటి తలపోతగా మారవచ్చు. "ప్రభువా, ఈమె ఎన్నిసార్లు చెప్పినా వినదు, ఈమె హృదయాన్ని మార్చు" అని అరగంట మోకరించినవాడు లేచేసరికి భార్య తప్పుల చిట్టా ఇంకా పెద్దదై ఉంటుంది. దేవుని సన్నిధిలో అతను వాదన తయారుచేసుకున్నాడు, అంతే. ఇంతకంటే హీనమైనది కుటుంబ ప్రార్థనలో దెప్పిపొడవడం. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు, ఈ ఇంట్లో లోబడని ఆత్మను తీసివేయుమని గట్టిగా ప్రార్థిస్తే, ఆమెన్ అనాల్సిన భార్యకు జవాబు చెప్పే వీలుండదు. తిట్టుకు ప్రార్థన వేషం వేస్తే అది తిట్టు కాకుండా పోదు, పైగా దానిలోకి దేవుని పేరు కూడా లాగినట్టవుతుంది.

కోపవేళ చేయదగ్గ ప్రార్థన చిన్నది, తనను గురించినది. 141వ కీర్తనలో ఉంది: "యెహోవా, నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము." బయట మెట్ల మీదకో, మేడ మీదకో వెళ్లి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఈ ఒక్క వాక్యం పలకడానికి చదువు అక్కర్లేదు. కాస్త చల్లబడ్డాక కయీనును అడిగిన ప్రశ్నను తనకు తాను వేసుకోవాలి: నాకు కోపమేల? "ఇన్‌ఛార్జి నన్ను చిన్నబుచ్చాడు", "కొడుకు పరీక్ష తప్పుతాడేమోనని భయంగా ఉంది", "అప్పు తీరే దారి కనబడటం లేదు" అన్న జవాబు వచ్చిందంటే, అది దేవునికి చెప్పుకోదగ్గదే, భార్యకు చెప్పుకోదగ్గది కూడా. కీర్తనల గ్రంథంలో మొరలకు, ఫిర్యాదులకు అంత చోటు ఉన్నది అందుకే. ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోతావని దావీదు 13వ కీర్తనలో దేవుడినే నిలదీశాడు. పైకి చెప్పుకోవడానికి చోటు దొరికిన బాధ కిందివాళ్ల మీద పడే అవసరం తగ్గుతుంది.

ఇదంతా ఒక్క ఉపవాస కూడికతో వచ్చేది కాదు. గలతీయులకు రాసిన పత్రికలో దీర్ఘశాంతం, సాత్వికం, ఆశానిగ్రహం ఆత్మ ఫలంలో భాగాలుగా ఉన్నాయి, ఫలం కాయడానికి కాలం పడుతుంది. కోపపు ఆత్మను ఒక్క ప్రార్థనతో వెళ్లగొడతామని చెప్పే సభలకు వెళ్లివచ్చి, వారం తిరగకుండానే మళ్లీ అరిచి, తనకు విశ్వాసం లేదని కుంగిపోయేవారు ఉన్నారు. వాళ్లలో లోపించినది విశ్వాసం అనుకోను. వాళ్లకు చెప్పిన బోధే కురచది.

సూర్యుడు అస్తమించేలోగా

"సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్న వాక్యం వల్ల మేలు ఎంత జరిగిందో, అపార్థం వల్ల నష్టం కూడా అంత జరిగింది. పడుకునేలోగా ప్రతి తగవూ తేలిపోవాలని దీన్ని అర్థం చేసుకున్న దంపతులు, నిద్రతో కళ్లు మూతలు పడుతున్నా అర్ధరాత్రి వరకు వాదించుకుని, పొద్దుట చెప్పాల్సిన దానికంటే పది రెట్లు చెడ్డ మాటలు అనుకుంటారు. యూదులకు సూర్యాస్తమయంతో ఒక రోజు ముగిసి మరో రోజు మొదలయ్యేది. ఈనాటి కోపాన్ని రేపటి రోజుకు సొత్తుగా మోసుకుపోవద్దన్నదే ఆ మాట సారం.

రాత్రి 10 గంటలకు సి షిఫ్టుకు బయలుదేరే మనిషి గుమ్మంలోనే అన్నీ తేల్చుకోలేడు. "ఇది రేపు మధ్యాహ్నం నేను పడుకుని లేచాక మాట్లాడుకుందాం, నీ మీద నాకు పగ లేదు" అని చెప్పి వెళ్లగలడు. అంతమాత్రం చెబితే ఆ వాక్యం నెరవేరినట్టే. ఇందులో ఒక షరతు ఉంది: రేపు మధ్యాహ్నం నిజంగా మాట్లాడాలి. మాట్లాడతానని చెప్పి తప్పించుకునేవాడి మౌనం, రోజుల తరబడి పలకకుండా ఉండే అలక, ఇవి అరుపులంత చప్పుడు చేయకపోయినా నిలవ ఉన్న కోపమే. అరవడం లేదు కాబట్టి తమకు కోపమే లేదని నమ్మే శాంతమూర్తులకు ఈ వాక్యం అరిచేవాళ్లకంటే ఎక్కువ అవసరం.

పిల్లలు

తండ్రులకు పౌలు రెండు చోట్ల ఒకే హెచ్చరిక చేశాడు. పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీయులకు రాస్తే, వారి మనసు కుంగిపోకుండా చూసుకోమని కొలస్సయులకు రాశాడు. తండ్రి మాటకు ఎదురులేని రోమా సామ్రాజ్యంలో, పిల్లల మనసు కుంగుతుందేమో చూసుకోమని తండ్రికే చెప్పడం చిన్న సంగతి కాదు. బెత్తం వాడనివాడు కుమారునికి విరోధి అన్న సామెతను చూపి కొట్టడాన్ని సమర్థించుకునే తల్లిదండ్రులు తమను తాము ఒకటి అడగాలి: ఆ దెబ్బ పిల్లవాడి మేలు కోసం పడిందా, నా బరువు దిగడానికి పడిందా? కోపం తగ్గాక కూడా ఆ శిక్ష అవసరమే అనిపిస్తుందా? చాలాసార్లు అనిపించదు. ఇంటర్ మార్కులకు, ఈఏపీసెట్ ర్యాంకులకు అరిచే అరుపుల్లో పిల్లల భవిష్యత్తు మీద భయం కొంత, చుట్టాల ముందు తలవంపులన్న భయం కొంత ఉంటాయి. ఆ రెండో భయాన్ని పిల్లల నెత్తిన పెట్టడం అన్యాయం.

సహనం కానిది

ఇప్పటివరకు చెప్పినదంతా మామూలు ఇళ్ల గురించి. చెయ్యి చేసుకునే ఇల్లు, గొంతు పట్టుకునే ఇల్లు, డబ్బు ఇవ్వకుండా కట్టడి చేసే ఇల్లు, భార్యాపిల్లలు భయంతో బతికే ఇల్లు వేరు. అక్కడ ఉన్నది హింస. దానికి మందు శ్వాస ప్రార్థన కాదు, భార్య మరింత మృదువుగా మాట్లాడటం అంతకంటే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వివాహమైన స్త్రీలలో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నారు. క్రైస్తవ ఇళ్లు ఇందుకు మినహాయింపని నమ్మడానికి నాకు ఏ ఆధారమూ కనబడదు.

క్రైస్తవ వేదాంతి అగస్టీను తన తల్లి మోనికా గురించి రాసిన సంగతి ఈ సందర్భంలో తరచూ ఉదాహరిస్తారు. కోపిష్ఠి అయిన భర్త పత్రీసియుస్ కోపంగా ఉన్నప్పుడు ఆమె ఎదురాడేది కాదనీ, చల్లబడ్డాక తన మాట వివరించేదనీ, ముఖాల మీద దెబ్బల గుర్తులతో వచ్చిన ఇరుగుపొరుగు స్త్రీలకు కూడా అదే సలహా ఇచ్చేదనీ అతను రాశాడు. సరైన వేళ చూసి మాట్లాడటంలో వివేకం ఉంది, అది భార్యకూ భర్తకూ సమానంగా వర్తిస్తుంది. కానీ ముఖం మీద దెబ్బలున్న స్త్రీకి ఆ సలహా సరిపోదు. నాలుగో శతాబ్దపు ఉత్తర ఆఫ్రికాలో ఆమెకు వేరే దారి లేకపోవచ్చు, నేటి విశాఖలో ఉంది.

గృహ హింస నుంచి స్త్రీల రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడంతో పాటు మాటలతో హింసించడం, మానసికంగా వేధించడం, ఆర్థికంగా కట్టడి చేయడం కూడా దాని పరిధిలోకి వస్తాయి. ఆ ఇంట్లోనే నివసించే హక్కును, దగ్గరికి రాకుండా రక్షణ ఉత్తర్వును కోర్టు ఇవ్వగలదు. అత్యవసరంగా 112, మహిళల కోసం 181, పిల్లల కోసం 1098 నంబర్లు ఉన్నాయి. కోర్టుకు వెళ్లడం విశ్వాసం లేకపోవడమని చెప్పే పెద్దలకు అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయం గుర్తుచేయాలి. కొరడాలతో కొట్టడానికి కట్టినప్పుడు పౌలు ఆ దెబ్బలను మౌనంగా భరించలేదు. విచారణ లేకుండా రోమా పౌరుడిని కొట్టడానికి మీకు అధికారం ఉందా అని అడిగి, చట్టం ఇచ్చిన హక్కుతో ఆ దెబ్బలు తప్పించుకున్నాడు. క్షమించడం వేరు, మళ్లీ దెబ్బ తినే చోటికి తిరిగి వెళ్లడం వేరు. "ఇంటి గుట్టు, ప్రార్థించి సర్దుకుపోమ్మా" అని పంపించేసిన సంఘం ఆ దెబ్బల్లో భాగం పంచుకున్నట్టే.

వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన కోపాలూ ఉన్నాయి. దిగులు జబ్బు పురుషుల్లో చాలాసార్లు చిరాకుగా, కోపంగా పైకి వస్తుంది. మద్యం, థైరాయిడ్ సమస్య, తలకు తగిలిన పాత దెబ్బ కూడా కోపాన్ని పెంచగలవు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416 నంబరుకు ఇంటి నుంచే ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. షుగరుకు మాత్ర వేసుకుని ప్రార్థన చేసుకునే విశ్వాసి దీనికి మాత్రం మందు అవసరం లేదనడంలో అర్థం లేదు.

అర్పణ దగ్గరి నుంచి వెనక్కి

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడే బైబిలును తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. ఆ ఇద్దరూ చనిపోయాక, 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన మొదటి భాగాల్లో మత్తయి సువార్త ఉంది. అంటే సహోదరుని మీద కోపపడేవాడిని గురించిన ఐదో అధ్యాయం రెండు శతాబ్దాలకు పైగా ఈ ఊరి చేతుల్లో ఉన్నట్టు. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా, నీ మీద సహోదరునికి విరోధం ఏమైనా ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని యేసు అక్కడ చెప్పాడు. తనకు ఎవరి మీద విరోధం ఉందన్న మాట ఆయన ఎత్తలేదు, తన వల్ల ఎవరు నొచ్చుకున్నారో జ్ఞాపకం చేసుకోమన్నాడు. అది చాలా కష్టమైన లెక్క, ఎందుకంటే మనం పడ్డ మాటలు మనకు గుర్తుంటాయి గాని అన్న మాటలు గుర్తుండవు.

చాలా సంఘాల్లో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఆచరిస్తారు, దానికి ముందు తమను తాము పరీక్షించుకోమంటారు. శనివారం రాత్రి ఆ పరీక్ష ఇంట్లో మొదలవ్వాలి. జ్ఞానాపురంలోని కతోలిక కుటుంబాలకు పాపసంకీర్తనం ఉంది. ఫాదర్ గారి ముందు, చేసిన పనిని ఫలానా అని పేరు పెట్టి చెప్పాల్సి వస్తుంది కాబట్టి తప్పించుకోవడానికి వీలు తక్కువ. ఏ సంఘంవారికైనా ఆ పద్ధతి మేలే. "ఏదో కోపంలో అనేశాను, నువ్వు కూడా అలా అనకుండా ఉండాల్సింది" అన్నది క్షమాపణ కాదు. "రాత్రి కంచం తోసేశాను. నీ కష్టాన్ని, అన్నాన్ని అవమానించాను. బాబు భయపడ్డాడు. తప్పు నాది" అన్నది క్షమాపణ. దానిని కొడుకు కూడా వినాలి, ఎందుకంటే కంచం పడిన చప్పుడు వాడు కూడా విన్నాడు. తండ్రి పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే చులకనైపోతాడని భయపడతారు; తప్పు చేసిన సంగతి పిల్లలకు ముందే తెలుసు, ఒప్పుకుంటాడో లేదో మాత్రమే వాళ్లకు తెలియదు.

భార్య సంఘానికి వెళుతూ భర్త వెళ్లని ఇళ్లు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట తన శాంతంతో అతనిని రక్షణలోకి తీసుకురావాలన్న భారం ఆమె మీద పెట్టకూడదు. తన కోపానికి తాను బాధ్యత వహించడం వరకే ఆమె పని, అతని కోపానికి జవాబుదారీ అతనే.

పాస్టర్లకు, సంఘ పెద్దలకు ఒక మనవి. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివేటప్పుడు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు. ఆ మూడు వారాల్లో వధూవరులను కూర్చోబెట్టి మాట్లాడే సంఘాలు, బాప్తిస్మం, ఉద్యోగం, ఇంటి బాధ్యతల గురించి అడిగినట్టే ఇంకొక ప్రశ్న కూడా ఇద్దరినీ విడివిడిగా అడగాలి: మీ ఇంట్లో మీ నాన్నగారికి, అమ్మగారికి కోపం వచ్చినప్పుడు ఏం జరిగేది, అప్పుడు మీరు ఏం చేసేవారు? కోపాన్ని వాడే పద్ధతి ఎక్కువగా పుట్టింట్లోనే నేర్చుకుంటాం. ఆ జవాబుల్లో అరుపులు, దెబ్బలు, నెలల మౌనం ఉన్నాయని తేలితే, పెళ్లయ్యాక మొదటి ఏడాది ఆ దంపతులను నెలకొకసారి కలిసే బాధ్యతను సంఘంలో నమ్మకమైన ఒక పెద్ద జంటకు అప్పగించాలి.